432 కోట్లు, 454 కోట్లు: దగ్గరగా ఉన్నాయని కలిపేస్తే ఏమవుతుంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, సైన్సు చెప్పే భూమి వయసు 454 కోట్లు కాబట్టి మనవాళ్లు ముందే లెక్క కట్టేశారని మీ నాన్నగారు అంటున్నారు, అది నిజమా అన్నది ఒకటి. వేదంలో చెప్పిన హిరణ్యగర్భం, అంటే లోకాలు పుట్టిన బంగారు అండం, బిగ్ బ్యాంగేనా అన్నది రెండోది. ప్రయోగశాలలో ఇంతవరకు ప్రాణాన్ని పుట్టించలేకపోయారు కదా, అంటే సృష్టికర్త ఉన్నట్టే కదా అని మీ మిత్రుడు లేవదీసింది మూడోది. మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తాను. అది కాగితం, పెన్ను పట్టుకుని తేల్చుకోగలిగిన విషయం. పైగా వాట్సాప్‌లో అన్నిటికన్నా ఎక్కువ తిరిగేదీ అదే.

ముందు సంప్రదాయపు లెక్కను సంప్రదాయం పద్ధతిలోనే వేద్దాం. ఇంట్లో ఏ పూజ చేసినా పురోహితుడు సంకల్పంలో చెప్పించే మాటలు గుర్తు చేసుకోండి: ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే. ఊరు, నది, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పడం స్థలంలో మన చిరునామా. దానికి ముందు వచ్చే ఈ మాటలు కాలంలో మన చిరునామా. దీన్ని అంకెల్లోకి మార్చవచ్చు.

కలియుగం 4,32,000 సంవత్సరాలు. ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. నాలుగూ కలిపితే మహాయుగం, 43,20,000. మనుస్మృతిలో ఇది 12,000 సంవత్సరాలుగా కనిపిస్తుంది. వాటిని దేవతల సంవత్సరాలుగా తీసుకుని 360తో హెచ్చిస్తే 43,20,000 వస్తుంది. 71 మహాయుగాలు ఒక మన్వంతరం, అంటే 30,67,20,000. కల్పం మొదట్లో ఒకటి, ఒక్కో మన్వంతరం చివర ఒకటి చొప్పున మొత్తం 15 సంధులు, అంటే మధ్యలో వచ్చే విరామకాలాలు, ఒక్కో సంధి కృతయుగమంత, 17,28,000. పద్నాలుగు మన్వంతరాలు, పదిహేను సంధులు కూడితే సరిగ్గా 432 కోట్లు. ఇదే కల్పం, బ్రహ్మకు ఒక పగలు.

ఇప్పుడు అసలు సంగతి. 432 కోట్లు పగలు మొత్తం నిడివి. ఆ పగట్లో ఇప్పటికి ఎంత గడిచిందో చెప్పే సంఖ్య కాదు. గంటలో ఇరవై ఏడు నిమిషాలయ్యాక టైమెంతైందని అడిగితే గంటకు అరవై నిమిషాలని చెబితే ఎలా ఉంటుంది? గడిచింది కావాలంటే, వైవస్వతుడు ఏడో మనువు కాబట్టి ఆరు మన్వంతరాలు అయిపోయాయి: 184,03,20,000. ఏడు సంధులు: 1,20,96,000. ఈ మన్వంతరంలో 27 మహాయుగాలు: 11,66,40,000. ఇరవై ఎనిమిదో మహాయుగంలో కృత, త్రేత, ద్వాపరాలు: 38,88,000. మొత్తం 197,29,44,000. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది కాబట్టి దీనికి ఐదు వేల పైచిలుకు కలపాలి. అంటే సుమారు 197 కోట్ల 29 లక్షలు.

భూమి వయసుతో పోల్చాల్సింది ఈ 197 కోట్లను. అది 454లో సగం కూడా లేదు.

పంచాంగం పీఠికలో సృష్ట్యాది గతాబ్దాలు, అంటే సృష్టి మొదలై గడిచిన ఏళ్లు, 195 కోట్ల 58 లక్షల చిల్లరని చూసి మీకు అనుమానం రావచ్చు. తప్పు అచ్చు కాదు. సూర్యసిద్ధాంతం ప్రకారం కల్పం మొదలయ్యాక గ్రహాలను, చరాచరాలను సృష్టించడానికి బ్రహ్మకు 47,400 దివ్య సంవత్సరాలు పట్టింది. 360తో హెచ్చిస్తే 1,70,64,000. అది తీసేస్తే 195,58,80,000 మిగులుతుంది. ఆర్యసమాజం వాళ్ల దగ్గర 196 కోట్ల 8 లక్షలని ఉంటుంది, వాళ్లు సంధులను లెక్కలోకి తీసుకోరు. ఇక ఆర్యభటుడు దారే వేరు. ఆయనకు నాలుగు యుగపాదాలూ సమానమే, మన్వంతరానికి 72 మహాయుగాలు, కల్పానికి 1,008. ఆయన కల్పం 435 కోట్ల 45 లక్షల 60 వేలు. ఈ తేడాలు ఎత్తిచూపి ఎవరినీ ఎగతాళి చెయ్యడం లేదు. అవి మనకొక సంగతి చెబుతున్నాయి: ఈ సంఖ్యలు రాళ్లను చూసి కట్టినవి కావు.

మరి ఎందుకు కట్టారు? జ్యోతిష సిద్ధాంతాల్లో మహాయుగం భిన్నాల బాధ లేకుండా గ్రహగతి చెప్పే సాధనం. సూర్యుడు 43,20,000 చుట్లు తిరిగేలోపు చంద్రుడు 5,77,53,336 చుట్లు, శని 1,46,568 చుట్లు అని సూర్యసిద్ధాంతం పూర్ణాంకాల్లో చెబుతుంది. భాగించి చూడండి: శనికి ఒక చుట్టుకు 29.47 సంవత్సరాలు. ఈనాటి విలువ 29.46. దుర్భిణి లేని రోజుల్లో ఇది అబ్బురపడాల్సిన పని. పొగడదలిస్తే దీన్ని పొగడాలి. దీన్ని వదిలేసి 432కీ 454కీ ముడిపెట్టడం గొప్పదాన్ని పారేసి డొల్లను పట్టుకోవడమే. 4,32,000 అన్న సంఖ్య బాబిలోనియాలో కూడా ఉంది. జలప్రళయానికి ముందు రాజులు ఏలిన కాలం 4,32,000 సంవత్సరాలని అక్కడి పూజారి బెరోసస్ లెక్క.

పౌరాణికులు ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారు. శ్వేతవరాహ కల్పం మొదట్లో భూమి కొత్తగా పుట్టలేదు, నీళ్లలో మునిగి ఉన్నదాన్ని వరాహమూర్తి పైకెత్తాడు. కాబట్టి భూమి కల్పం కన్నా పాతదై ఉండొచ్చు. కరెక్టే. అప్పుడు కల్పం లెక్క భూమి వయసు లెక్కే కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. పైగా ఇంకో చిక్కు వస్తుంది. పగలుకు ముందు అంతే నిడివి గల రాత్రి ఉంటుంది. అంటే 197 నుంచి 629 కోట్ల సంవత్సరాల వెనక వరకు బ్రహ్మ నిద్ర, జీవులు ఉండని కాలం. భూమి పుట్టిన 454 కోట్లు సరిగ్గా ఆ నిద్రలో పడుతుంది. ఆస్ట్రేలియాలో జీవం ఆనవాళ్లున్న 348 కోట్ల ఏళ్ల రాళ్లూ ఆ నిద్రలోనే పడతాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు, గోల్కొండ కోట నిలబడ్డ గుట్టతో సహా, సుమారు 250 కోట్ల ఏళ్లవి. అవీ కల్పారంభం కన్నా పాతవే.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఈ ఉదాహరణ చూడండి. గెలాక్సీలు మన నుంచి దూరం జరుగుతున్న వేగాన్ని 1929లో ఎడ్విన్ హబుల్ లెక్కగట్టాడు: ఒక మెగాపార్సెక్ (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల) దూరానికి సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు. విశ్వం ఎప్పుడూ ఇదే వేగంతో విస్తరించిందనుకుంటే, వయసు తెలుసుకోవడానికి 97,780ని ఈ అంకెతో భాగించాలి, జవాబు కోట్ల సంవత్సరాల్లో వస్తుంది. 97,780ని 500తో భాగిస్తే 195.6 కోట్లు. సూర్యసిద్ధాంతం చెప్పేది 195.59 కోట్లు! ఆ రోజుల్లో వాట్సాప్ ఉండి ఉంటే ఈ మెసేజ్ దేశమంతా మూడు రోజుల్లో చుట్టి వచ్చేది. ఒకే చిక్కు, హబుల్ అంకె తప్పు. దూరాలు కొలవడానికి ఆయన వాడిన, వెలుగు క్రమంగా పెరిగి తగ్గే సెఫీడ్ నక్షత్రాల్లో రెండు జాతులున్నాయని 1952లో వాల్టర్ బాడే చూపించేసరికి దూరాలు రెట్టింపయ్యాయి, వయసూ రెట్టింపైంది. ఆ తర్వాత మరికొన్ని దిద్దుబాట్లు జరిగి ఇప్పటి విలువ 67, 73ల మధ్య ఆగింది. నిజానికి అనుమానం బాడే కన్నా ముందే మొదలైంది. 1940లలో ఆర్థర్ హోమ్స్ భూమికే 300 కోట్లకు పైగా వయసు లెక్క చెప్పాడు. తల్లి కన్నా బిడ్డ పెద్దదైంది! విశ్వం లెక్కలో ఎక్కడో పొరపాటుందని అక్కడే తెలిసిపోయింది. నాలుగంకెల దాకా కుదిరిన సంఖ్య పనికిరాకుండా పోయిందంటే, 22 కోట్ల తేడాతో కుదిరినట్టు కనిపించే సంఖ్యకు ఎంత విలువ ఇవ్వాలో చూసుకోండి.

454 కోట్లు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే అదీ నమ్మకం మీద మింగే మాత్రే అవుతుంది. జిర్కాన్ అనే చిన్న స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి తర్వాత అందులో దొరికే సీసం యురేనియం క్షీణించగా మిగిలినది. యురేనియం 238 సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది, అది సీసం 206 అవుతుంది. యురేనియం 235 సగమవడానికి 70.4 కోట్లు, అది సీసం 207 అవుతుంది. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలన్నమాట. మధ్యలో రాయి బాగా వేడెక్కి కొంత సీసం కారిపోతే రెండూ వేర్వేరు వయసులు చూపిస్తాయి, మోసం అక్కడే బయటపడుతుంది. రెండూ ఒకటే చెబితే నమ్ముతారు. ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ జిర్కాన్‌లలో అతి పాతది 440 కోట్ల ఏళ్లది. అయితే భూమి తొలి పెంకు రాళ్లు కరిగి, మళ్లీ గట్టిపడి రూపం మారిపోయాయి. అందుకని సూర్యకుటుంబంతో పాటే ఏర్పడి మార్పు లేకుండా మిగిలిన ఉల్కలను పట్టుకున్నారు. క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో ఉల్కల్లోని సీసం నిష్పత్తులతో 455 కోట్లని తేల్చాడు, ఏడు కోట్లు అటూ ఇటూగా. ఆయనకు అడ్డుపడింది సిద్ధాంతం కాదు, గాలి. పెట్రోల్లో కలిపే సీసం వాతావరణమంతా నిండి ప్రతి నమూనాలోకీ చేరేది. దుమ్ము చొరబడని గది కట్టుకున్నాకే అంకె నిలకడగా వచ్చింది. కార్బన్ డేటింగ్ తప్పు కాబట్టి భూమి వయసు తప్పు అని ఎవరైనా అంటే ఆ వాదన అక్కడే ఆపండి. కార్బన్ 14 సగం కాలం 5,730 సంవత్సరాలే, 50 వేల ఏళ్లు దాటితే పనికిరాదు, రాళ్ల వయసుకు దాన్నెవరూ వాడరు.

అంకెలతో దెబ్బతిన్నది మనం ఒక్కళ్లమే కాదు. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిల్ వంశావళులను రాజుల కాలాలతో జోడించి సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని 1650లో లెక్క తేల్చాడు. 1701 నుంచి ఇంగ్లీషు బైబిళ్ల మార్జిన్లలో అది అచ్చవుతూ వచ్చింది, జనం దాన్నీ గ్రంథంలో భాగమే అనుకున్నారు. ఆదికాండంలోని ఆరు దినాలను మామూలు దినాలుగా తీసుకోనక్కర్లేదని సెయింట్ అగస్టీన్ అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే రాసి ఉన్నాడు. భౌతికశాస్త్రం తరఫున లార్డ్ కెల్విన్ కూడా తప్పాడు. భూమి చల్లారే వేగాన్ని బట్టి 1862లో దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల మధ్య అన్నాడు. లోపలి రాయి నెమ్మదిగా ప్రవహిస్తూ వేడిని పైకి మోసుకొస్తుందన్నది ఆయన లెక్కలో లేదు, రేడియోధార్మికత అప్పటికి కనుక్కోలేదు. తేడా ఏమిటంటే కెల్విన్ తన లెక్కకు పునాది ఏమిటో చెప్పి పెట్టాడు, అందుకే దాన్ని కొట్టేయడం వీలైంది.

రెండో ప్రశ్నకు వద్దాం. బిగ్ బ్యాంగ్ అంటే ఖాళీ ఆకాశంలో ఒక బిందువు పేలడం అని చాలామంది బొమ్మ గీసుకుంటారు, ఆ బొమ్మ వల్లే అది అండంలా కనిపిస్తుంది. సిద్ధాంతం చెప్పేది అది కాదు. సుమారు 1,380 కోట్ల సంవత్సరాల కిందట విశ్వమంతా విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉండి, ఆకాశమే సాగుతూ చల్లారిందని చెబుతుంది. మధ్యబిందువు లేదు, పెంకు లేదు, బయట అనేది లేదు. దాని బలం బొమ్మలో లేదు, అది ముందుగా చెప్పిన అంకెల్లో ఉంది. తొలి నిమిషాల్లో మామూలు పదార్థంలో బరువు ప్రకారం నాలుగో వంతు హీలియం అయి ఉండాలి, అలాగే ఉంది. విశ్వానికి 3,80,000 ఏళ్లప్పుడు విడివడిన వెలుతురు ఈపాటికి చల్లారి మైక్రోవేవ్‌గా అన్ని దిక్కులనుంచీ రావాలి. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని పట్టుకున్నారు. దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. దీనికి పోటీగా వచ్చి, ఎన్ని దిద్దుబాట్లు చేసినా నిలవలేకపోయింది స్థిరస్థితి సిద్ధాంతం, అంటే విశ్వానికి ఆరంభం లేదు, ఎప్పుడూ ఇలాగే ఉందన్నది. ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి మన జయంత్ నార్లీకర్ చాలాకాలం దాని పక్షాన నిలబడ్డారు. బిగ్ బ్యాంగ్ అన్న పేరు కూడా 1949లో బీబీసీ రేడియోలో హాయిల్ వాడిందే, తను ఒప్పుకోని సిద్ధాంతానికి.

ఋగ్వేదం పదో మండలంలో సృష్టి గురించి ఒకే మాట లేదు. 121వ సూక్తంలో హిరణ్యగర్భుడు మొదట వెలిశాడు. 90వ సూక్తంలో పురుషుణ్ణి యజ్ఞపశువు చేస్తే లోకాలు పుట్టాయి. 129వది నాసదీయం. ఏడే ఏడు ఋక్కులు. అప్పుడు సత్తూ లేదు, అసత్తూ లేదు అని మొదలుపెట్టి, దేవతలు కూడా సృష్టి తర్వాతివాళ్లేనని చెప్పి, పరమాకాశంలో ఉండి చూసేవాడికైనా తెలుసో, ఒకవేళ తెలియదో అని ఆగిపోతుంది. ఈ మూడింటిలో బిగ్ బ్యాంగ్‌కు దగ్గరగా కనిపించేదాన్ని ఏరుకుని మిగతా రెంటినీ పక్కన పెట్టడం వేదం చదవడం కాదు. నాసదీయాన్ని సైన్సుకు సాక్షిగా బోనెక్కిస్తే అది జవాబు చెప్పదు, తిరిగి ప్రశ్నే వేస్తుంది. ఖురాన్‌లో 21వ సూరా 30వ ఆయత్‌కు, అంటే ఆకాశాలు భూమి కలిసి ఉంటే విడదీశామన్న మాటకు, జరుగుతున్నదీ ఇదే. ఆ వచనం పక్కనే ఆరు దినాల సృష్టి చెప్పే వచనాలను పెట్టి ఎవరూ లెక్క వెయ్యరు. జైనులకైతే ఈ గొడవే లేదు, వాళ్లకు లోకం ఎవరూ సృష్టించనిది, అనాది. బుద్ధుడు లోకం శాశ్వతమా కాదా అన్నదాన్ని జవాబు చెప్పని ప్రశ్నల్లో వేశాడు.

బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి మూలపురుషుల్లో ఒకడైన జార్జ్ లెమెట్ర్ క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ కొత్త విశ్వశాస్త్రంలో ఆదికాండపు వెలుగు కనిపిస్తోందన్నట్టు మాట్లాడితే సంతోషించాల్సింది ఈయనే. సంతోషించలేదు. భౌతికశాస్త్రం మీద దేవుణ్ణి నిలబెడితే రేపు శాస్త్రం మారినప్పుడు దేవుడూ కదలాల్సి వస్తుందన్నది ఇందులోని చిక్కు.

దశావతారాలే పరిణామక్రమం అన్న మాట కూడా ఈ వరుసలోనిదే, దానికి రెండు ముక్కలు చాలు. మత్స్యావతార కథకు పాత రూపం శతపథ బ్రాహ్మణంలో ఉంది, అక్కడ చేప దొరికింది మనువు దోసిట్లో. అంటే చేప వచ్చేసరికే మనిషి ఉన్నాడు. రెండోది, జీవచరిత్రలో మొదటి మూడొంతుల కాలమంతా సూక్ష్మజీవులదే, ఆ వరుసలో వాటి ఊసే లేదు.

ఇక ప్రాణం సంగతి. డార్విన్ పరిణామవాదం జీవం ఉన్నాక అది ఎలా మారిందో చెబుతుంది, మొదటి కణం ఎలా వచ్చిందో చెప్పదు. అది రసాయనశాస్త్రం పని. రష్యా శాస్త్రవేత్త ఒపారిన్ 1924లో, బ్రిటన్ శాస్త్రవేత్త హాల్డేన్ 1929లో ఆ దారి వేశారు. ఈ హాల్డేన్ తర్వాత భారత పౌరుడై భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. 1952లో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ నింపిన గాజు పాత్రలో మెరుపులకు బదులుగా విద్యుత్ స్పార్కులు పుట్టిస్తూ, కింద నీళ్లు మరిగిస్తూ వారంపాటు నడిపాడు. గ్లైసిన్, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు వచ్చాయి. దీన్ని ప్రాణం తయారైందని ప్రచారం చేసినవాళ్లదీ తప్పే. అవి ఇటుకలు మాత్రమే, ఇల్లు కాదు. పైగా తొలి వాతావరణంలో ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఉండేవని ఇప్పుడు అనుకుంటున్నారు, ఆ గాలిలో దిగుబడి బాగా పడిపోతుంది. ఇటుకలకు లోటు లేదని మాత్రం తేలింది. 1969లో ఆస్ట్రేలియాలో మర్చిసన్ దగ్గర పడ్డ ఉల్కలోనూ అమైనో ఆమ్లాలు దొరికాయి.

అసలు చిక్కంతా ఇటుకల్ని గొలుసుగా చెయ్యడంలో ఉంది. అమైనో ఆమ్లాలు గానీ, డీఎన్‌ఏకు దగ్గరి బంధువైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు గానీ కలిసినప్పుడల్లా ఒక నీటి అణువు బయటకు పోవాలి. చుట్టూ నీళ్లే ఉంటే ఆ చర్య వెనక్కి నడుస్తుంది, కట్టిన గొలుసు తెగిపోతుంది. అందుకే మహాసముద్రం నడిమధ్యన జీవం పుట్టిందన్న పాత బొమ్మను చాలామంది వదిలేశారు. తడిసి ఎండి మళ్లీ తడిసే వేడినీటి గుంటలని కొందరు, సముద్రగర్భపు క్షార బుగ్గల్లోని రాతి రంధ్రాలని కొందరు వాదిస్తున్నారు. రెండో చిక్కు, అమైనో ఆమ్లాలు కుడి ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలాంటి రెండు రూపాల్లో ఉంటాయి, జీవుల ప్రొటీన్లలోనివి ఎడమచేతి వాటానివి. మిల్లర్ పాత్రలో రెండు వాటాలూ సమంగా వస్తాయి. ఏరినది ఏది అన్నది ఇంకా తెగలేదు. ఒక ముడి మాత్రం బాగా సడలింది. సమాచారం మోసే డీఎన్‌ఏకు ప్రొటీన్ కావాలి, ప్రొటీన్‌కు డీఎన్‌ఏ కావాలి, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుండేది. ఆర్‌ఎన్‌ఏ రెండు పనులూ చెయ్యగలదని థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు, 1989లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన కణాల్లో ప్రొటీన్లు కుట్టే రైబోజోమ్ నడిబొడ్డున పనిచేసేది ఇప్పటికీ ఆర్‌ఎన్‌ఏనే.

కాబట్టి మీ మిత్రుడికి సూటి జవాబు: లేదు, రసాయనాలతో మొదలుపెట్టి కణాన్ని ఇంతవరకు ఎవరూ తయారు చెయ్యలేదు. 2010లో క్రెయిగ్ వెంటర్ బృందం చేసింది కృత్రిమంగా కూర్చిన జన్యుపదార్థాన్ని అప్పటికే బతికున్న బాక్టీరియా కణంలో పెట్టడం. పేపర్లలో వచ్చిన హడావుడి వేరు. కానీ తయారు చెయ్యలేదు కాబట్టి దేవుడు అన్నది బలహీనమైన వాదన. 1828కి ముందు యూరియా గురించీ ఇదే మాట అనేవాళ్లు, జీవి శరీరంలో తప్ప అది తయారు కాదని. వోలర్ అనే రసాయనశాస్త్రవేత్త గాజుపాత్రలో చేసి చూపించాడు. తైత్తిరీయోపనిషత్తు ఆత్మనుంచి ఆకాశం, వాయువు, అగ్ని, నీరు, భూమి, ఓషధులు, అన్నం, పురుషుడు అని వరుస చెబుతుంది. అక్కడ బ్రహ్మం రసాయనం తెలియని సందులో దూరి కూర్చోలేదు, వరుస మొత్తానికీ ఆధారంగా ఉంది. మీ మిత్రుడు తన వాదానికి ఆధారం వెతుక్కోదలిస్తే అటు చూడమనండి, ప్రయోగశాల వైపు కాదు.

పాత జీవం ఎలా ఉండేదో చూడాలనుంటే కడప జిల్లా చాలు. వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు సున్నపురాళ్లలో స్ట్రోమటొలైట్లున్నాయి. సూక్ష్మజీవుల జిగురు పొరల మీద మట్టి పేరుకుని, మళ్లీ పొర పెరిగి ఏర్పడ్డ గుబ్బలవి, క్యాబేజీని నిలువునా కోసినట్టు వంపు తిరిగిన గీతలు కనిపిస్తాయి. ఆ రాళ్లకు పైనున్న పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల నల్లరాయి వయసు సుమారు 188 కోట్లు, కాబట్టి కిందున్న ఇవి ఇంకా పాతవి. సుత్తి తీసుకెళ్లకండి, వానలకు కడిగిన ముఖం మీదే గీతలు బాగా కనిపిస్తాయి.